దొంగ వెళ్లాక మోగే గంట

2022 ఆగస్టులో అప్పటి హిందూపురం ఎంపీ గోరంట్ల మాధవ్‌దంటూ ఒక వీడియోకాల్ దృశ్యం రాష్ట్రమంతా చుట్టేసింది. అది మార్ఫింగ్ అని ఆయన అన్నారు, అసలుదేనని ప్రత్యర్థులు అన్నారు. కొద్ది రోజులకు అనంతపురం ఎస్పీ ఫక్కీరప్ప విలేకరులను పిలిచి, జనం చేతుల్లో తిరుగుతున్నది అసలు వీడియో కాదన్నారు. ఎవరో ఫోన్‌లో చూస్తుండగా ఆ తెరను మరొకరు వేరే ఫోన్‌తో తీసినదని, అసలు దొరికితే తప్ప నిజానిజాలు తేల్చలేమని చెప్పారు. ఆ మాటలోంచి ఎవరికి కావలసిన అర్థం వారు తీసుకున్నారు. రాజకీయం సంగతి అలా ఉంచితే, సోషల్ మీడియా కంపెనీలు గోప్యత పేరుతో మనకు అమ్ముతున్న ఒక భరోసా ఎంత బోలుగా ఉందో ఆ ప్రకటన బయటపెట్టింది. ఒక ఫోన్ తెరను ఇంకో ఫోన్‌తో ఫొటో తీస్తే ఏ యాప్ గంట మోగిస్తుంది?

స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివారికి కబురు చేసే ఏర్పాటును లోకానికి అలవాటు చేసింది స్నాప్‌చాట్. అది 2011లో వచ్చింది. మూడేళ్లు తిరక్కుండానే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని బోనెక్కించింది. పాత ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు ఆ కబురు అందకుండా సులువుగా తప్పించుకోవచ్చని, వినియోగదారులకు కంపెనీ చెప్పింది మాత్రం వేరే అని కమిషన్ ఆరోపించింది. 2014 మేలో కంపెనీ రాజీకొచ్చింది. 2018లో ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలకు ఇదే ఏర్పాటును కొన్ని నెలలు పరీక్షించి, తర్వాత చల్లగా పక్కన పెట్టేసింది. ఇప్పుడు అక్కడ కబురందేది ప్రైవేటు మెసేజీల్లో చూడగానే మాయమయ్యే ఫొటోలు, వీడియోల వంటి కొద్దిపాటి సందర్భాల్లోనే. మన పల్లె రచ్చబండ నుంచి కలెక్టరేట్ దాకా అందరూ వాడే వాట్సాప్ అయితే మామూలు చాట్‌ను ఎవరు స్క్రీన్‌షాట్ తీసినా కిక్కురుమనదు. ఒకసారి చూసి పోయే ఫొటోలకు మాత్రం స్క్రీన్‌షాట్ పడకుండా అడ్డం పెట్టింది.

ఈ కాపలా ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని గమనిస్తే ఒక లెక్క కనిపిస్తుంది. మనుషులు రోజూ మాట్లాడుకునేచోట, తగాదాలు పడేచోట, ఉద్యోగం కోసమో పెళ్లి సంబంధం కోసమో వివరాలు పంపుకునేచోట కాపలా లేదు. ప్రత్యేకంగా బటన్ నొక్కి ‘మాయమయ్యే’ మెసేజీ పంపిన చోటే ఉంది. జాగ్రత్త తెలిసినవారికి రక్షణ, తెలియనివారికి ఏమీ లేదు. తమ ఫొటోలను ఎవరేం చేస్తారోనన్న భయంతో మన దేశంలో చాలామంది ఆడవాళ్లు ముఖం కనిపించే ఫొటో పెట్టడానికే వెనుకాడుతున్నారని ఫేస్‌బుక్‌కు తెలియక కాదు. 2017 జూన్‌లో ప్రొఫైల్ ఫొటోకు ‘గార్డ్’ అనే ఏర్పాటును ఆ కంపెనీ ప్రపంచంలో మొదట భారత్‌లోనే తెచ్చింది. సమస్య ఉందని ఒప్పుకున్న సంస్థ ఆ రక్షణను ఐచ్ఛికంగా ఒక మూల వదిలేసి, మిగతా ఇల్లంతా తలుపులు తీసి ఉంచడం వ్యాపారమే తప్ప బాధ్యత కాదు.

అలాగని ప్రతి స్క్రీన్‌షాట్‌కూ గంట మోగాలని కోరడం కూడా తప్పే. ఈ చర్చలో చాలామంది తడబడేది ఇక్కడే. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉన్న తిరుపతిలో వేలమంది ఆడపిల్లలు హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నారు. వారిలో ఒకరికి అర్ధరాత్రి అసభ్యమైన మెసేజీ వచ్చిందనుకుందాం. ఆమె చేతిలో ఉన్న మొదటి ఆధారం స్క్రీన్‌షాటే. అది తీసిన మరుక్షణం యాప్ వెళ్లి ఆ పంపినవాడి చెవిన వేస్తే ఏమవుతుంది? పంపినవాడు ‘అందరికీ డిలీట్’ నొక్కుతాడు. వాట్సాప్‌లో దానికి రెండున్నర రోజుల గడువు ఉంది. డిలీట్ చేసి ఊరుకుంటాడన్న హామీ లేదు, బెదిరించవచ్చు కూడా. గోప్యత కోసం పెట్టిన గంట వేధించేవాడికి ముందస్తు హెచ్చరికగా మారుతుంది. స్క్రీన్‌షాట్ బలవంతుడి చేతిలో ఉంటే బ్లాక్‌మెయిల్, బలహీనురాలి చేతిలో ఉంటే ఫిర్యాదు. ఏ చేతిలో ఉందో యాప్‌కు తెలియదు.

కాబట్టి తెరను బొమ్మగా పట్టుకోవడం దానికదే నేరం కాదు. అది ఎక్కడికి వెళ్లిందన్నదే ప్రశ్న. పోలీస్ స్టేషన్‌కు వెళ్లిందా, కాలేజీ ఫిర్యాదుల కమిటీకి వెళ్లిందా, లేక గ్రూపులోకి వెళ్లిందా? కంపెనీల ఏర్పాట్లు బొమ్మ తీసిన క్షణం దగ్గరే ఆగిపోయాయి. నష్టం పంచిన క్షణంలో మొదలవుతుంది.

చట్టమూ ఇంతకంటే దూరం చూడలేదు. ఐటీ చట్టంలోని 66ఈ సెక్షన్ అనుమతి లేకుండా ఒకరి గోప్యమైన శరీర భాగాల చిత్రం తీసినా, ప్రచురించినా, పంపినా మూడేళ్ల దాకా జైలు విధిస్తుంది. కానీ ఇద్దరి మధ్య మాటలు, రహస్యంగా చెప్పుకున్న కష్టాలు, అనారోగ్యం, అప్పులు, ప్రేమలు ఆ సెక్షన్ కిందికి రావు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. దాని వెలుగులో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఒక వ్యక్తి సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటాను తన పరిధి నుంచి మినహాయించింది. చట్టం ఇంటిమాటల్లో తలదూర్చకూడదన్నది మంచి ఉద్దేశమే. కానీ వందలమంది ఉండే కాలనీ గ్రూపులో పక్కింటివారి చాట్ బొమ్మ పెట్టి ఇది మా సొంత వ్యవహారం అంటే, కాదని ఎవరు తేల్చాలి?

తిరుపతి జిల్లా అనుభవాల్లోకి వద్దాం. 2020 జనవరిలో టీటీడీకి చెందిన శ్రీవేంకటేశ్వర భక్తి ఛానెల్ ఛైర్మన్‌గా ఉన్న నటుడు పృథ్వీరాజ్, ఒక మహిళతో జరిగినదంటూ ప్రచారమైన ఫోన్ సంభాషణ కారణంగా పదవి వదిలారు. ఆ గొంతు తనది కాదని ఆయన చెప్పారు. 2024 సెప్టెంబరు 5న సత్యవేడు ఎమ్మెల్యే కోనేటి ఆదిమూలంపై ఒక మహిళ ఆరోపణలు చేస్తూ వీడియో విడుదల చేశారు. ఆయన వాటిని ఖండించారు. తెలుగుదేశం పార్టీ ఆయన్ను సస్పెండ్ చేసింది, తిరుపతిలో పోలీసులు కేసు పెట్టారు, కొద్ది వారాలకే హైకోర్టు ఆ కేసును కొట్టేసింది. ఈ ఉదంతాల్లో ఎవరిది తప్పో తేల్చడం ఈ సంపాదకీయం పని కాదు. ఫిర్యాదు చేయదలచిన మహిళ ఆధారం పోగుచేసుకోవడాన్ని మేం తప్పుపట్టం. మా అభ్యంతరమల్లా ఆ ఆధారం కోర్టు గడప తొక్కకముందే వినోదంగా మారడం మీద. కేసు ఉన్నా లేకున్నా, గెలిచినా ఓడినా, దృశ్యం మాత్రం ఫోన్లలో ఉండిపోయింది. కొట్టేసిన కేసుకు ఉత్తర్వు ఉంటుంది. ఫార్వర్డ్ అయిన వీడియోకు కొట్టివేత లేదు.

ఇందులో పార్టీల పాత్ర సిగ్గుపడవలసినంతగా ఉంది. ప్రత్యర్థి పార్టీవాడి చాట్ బయటపడితే అది ప్రజాప్రయోజనం, మనవాడిదైతే గోప్యతకు భంగం. రెండు ప్రధాన పక్షాలూ ఈ రెండు వాదాలనూ మార్చి మార్చి వాడుకున్నాయి. పదవిలో ఉన్నవారి అధికారిక ప్రవర్తనను ప్రశ్నించడం పౌరుల హక్కే. ఆ ప్రశ్నకు అవసరమైనంత బయటపెట్టాలి. అవతల ఉన్న మనిషి, ముఖ్యంగా మహిళ, ఏ పదవిలోనూ లేదు, ఓటడగలేదు. అయినా ఆమె మాటే, ఆమె ముఖమే ముందు వీధిన పడుతుంది. లైంగిక నేరాల బాధితురాలి గుర్తింపును బయటపెట్టడాన్ని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ నేరంగా చూస్తుంది. అది పత్రికలకేనని, ఫార్వర్డ్ చేసేవారికి వర్తించదని అనుకుంటే పొరపాటు.

పత్రికలమూ చేతులు కడిగేసుకోలేం. ‘వైరల్ అవుతున్న స్క్రీన్‌షాట్’ అన్న మూడు మాటలు ఈ వృత్తిలో ధ్రువీకరణకు ప్రత్యామ్నాయం అయిపోయాయి. వైరల్ కావడం ఒక వార్త అని చెప్పి, ఆ బొమ్మను మళ్లీ అచ్చువేసి, దానికి మరో లక్ష కళ్లు జోడిస్తున్నాం. కోర్టులు మనకంటే జాగ్రత్తగా ఉన్నాయి. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు ఎలక్ట్రానిక్ సాక్ష్యం ప్రతికి నిర్దిష్టమైన సర్టిఫికెట్ తప్పనిసరి అంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ దానికి నిపుణుడి సంతకమూ, ఫైలు మారలేదని చూపే హాష్ విలువా జోడించింది. న్యాయస్థానం ఇంత అడిగేచోట న్యూస్‌డెస్క్ ఏమీ అడగకపోవడం మా నేరం.

తిరుమల ఆలయంలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. క్యూలోకి వెళ్లేముందు కౌంటర్‌లో అప్పగించి రసీదు తీసుకోవాలి. అయినా 2023 మేలో ఒక భక్తుడు ఆనంద నిలయాన్ని చిత్రించి బయట పెట్టినప్పుడు ఎంత గగ్గోలు రేగిందో, పోలీసులు ఎంత చురుగ్గా కదిలారో గుర్తుంది. ఆ పట్టింపు సరైనదే. అదే చురుకు తిరుపతి నగరంలో ఒక అమ్మాయి చాట్ వీధిన పడినప్పుడు కనిపించాలని అడగడం అత్యాశా?

ప్రభుత్వం చేయగలిగింది ఉంది, దానికి ఎన్‌క్రిప్షన్ పగలగొట్టనవసరం లేదు. అలా పగలగొట్టాలంటే దేశం విడిచి వెళ్తామని 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టులో వాట్సాప్ చెప్పింది. ఆ పోరాటం ఢిల్లీలో సాగనివ్వండి. తిరుపతి, చిత్తూరు పోలీస్ స్టేషన్లలో మాత్రం ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన మహిళను ‘ప్రింట్ తెచ్చావా’ అని తిప్పి పంపకుండా, ఆమె ఫోన్‌ను ఆమె ముందే చూసి, 63వ సెక్షన్ సర్టిఫికెట్‌కు కావలసిన వివరాలను అక్కడికక్కడే నమోదు చేసే ఒక మనిషిని కూర్చోబెట్టవచ్చు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని పోస్టర్ అంటించి చేతులు దులుపుకొంటే సరిపోదు. ఇక కంపెనీలు స్క్రీన్‌షాట్ తీసినవారి పేరు చెప్పడం మీద కాకుండా, తమ వేదికపై పోస్టు చేసిన ప్రైవేటు చాట్ బొమ్మను బాధితులు ఫిర్యాదు చేసిన గంటల్లో తొలగించడం మీద డబ్బు ఖర్చుపెట్టాలి. నగ్న చిత్రాల తొలగింపుకు 2021 ఐటీ నిబంధనలు మొదట 24 గంటల గడువు పెట్టాయి. బట్టలు వేసుకున్న మనిషి పరువుకు అంత దగ్గరి గడువు పెట్టలేదు.