తోడేలు వచ్చిన వేళ కాపరి ఎక్కడ?

2019 మే 12. శ్రీలంక రాజధాని కొలంబోలో కేథలిక్ చర్చిల తలుపులు మూడు వారాల తర్వాత మళ్లీ ఆదివారం ఆరాధనకు తెరుచుకున్నాయి. గేట్ల దగ్గర తుపాకులతో సైనికులు, పోలీసులు. లోపలికి వెళ్లే వారిని ఆపి సోదా చేస్తున్నారు. అంతకు సరిగ్గా మూడు వారాల ముందు, ఏప్రిల్ 21న, ఈస్టర్ ఉదయాన ఆత్మాహుతి దళాలు మూడు చర్చిలపై, కొలంబోలోని మూడు పెద్ద హోటళ్లపై దాడి చేశాయి. 250 మందికి పైగా చనిపోయారు. ఒక్క నెగొంబోలోని సెయింట్ సెబాస్టియన్ చర్చిలోనే వంద మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ సముద్ర తీర పట్టణంలో ఏ వీధికి వెళ్లినా సంతాప సూచకంగా తెల్ల జెండాలే.

కాకతాళీయమే కావచ్చు, తలుపులు తెరుచుకున్న ఆ ఆదివారానికి కేథలిక్ క్యాలెండర్‌లో ఒక పేరుంది: మంచి కాపరి ఆదివారం. ఈస్టర్‌తో మొదలుపెట్టి లెక్కిస్తే నాలుగోది. ఏటా ఆ రోజు యోహాను సువార్త పదో అధ్యాయం నుంచి ఒక భాగం చదువుతారు. ఆ ఏడాది వంతుకు వచ్చిన భాగంలో క్రీస్తు తన గొర్రెలను తన చేతిలోంచి ఎవరూ లాక్కోలేరని భరోసా ఇస్తాడు. మూడు వారాల కింద బిడ్డను పూడ్చిపెట్టిన తల్లి ఆ మాటను ఎలా వినాలి? లాక్కుపోయారు కదా అని అడగదా?

ఇది వేదాంత పండితులకు వదిలేయాల్సిన ప్రశ్న కాదు. దేవుడు కాపరి అన్న నమ్మకం కోట్లాది మంది సామాన్యులది. తెలుగు నాట పాస్టర్‌ను సంఘ కాపరి అంటారు. భుజాల మీద గొర్రెపిల్లను మోస్తున్న క్రీస్తు బొమ్మ ఉన్న క్యాలెండర్ క్రైస్తవుల ఇళ్లలో సర్వసాధారణం. కాన్పు కష్టమైనప్పుడు, ఆపరేషన్ థియేటర్ బయట, సమాధి పక్కన వారు మొదట తలచుకునేది 23వ కీర్తననే. అందులో దేవుడు కాపరి. ఆ నమ్మకం ఒక ఉదయం పూట బాంబు ముందు నిలబడుతుందా లేదా అన్నది నమ్మని వారికి కూడా ఆసక్తి కలిగించాల్సిన విషయమే.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. క్యాలెండర్ బొమ్మలోని కాపరి మెత్తటి మనిషి. తెల్లటి అంగీ, దువ్విన జుట్టు, చుట్టూ పచ్చిక. కానీ భుజాన గొంగడి, చేతిలో కర్రతో ఎండలో మందను తోలుకెళ్లే కురుమనో గొల్లనో చూసిన తెలుగు వాడికి కాపరి బతుకు అలా ఉండదని తెలుసు. రాత్రి పొలంలో మందతోపాటే పడుకోవాలి. నక్క వచ్చినా, దొంగ వచ్చినా లేవాల్సింది అతనే. పాలస్తీనా రాతి కొండల్లోనూ అంతే. కాపరి దగ్గర దారి చూపే కర్రతోపాటు దుడ్డుకర్ర కూడా ఉండేది. అది జంతువుల్ని కొట్టడానికి. ఇక దావీదు పేరుతో ప్రసిద్ధమైన ఆ కీర్తన ఆపదలే రావని ఎక్కడా చెప్పదు. అందులో చీకటి లోయ ఉంది, శత్రువులున్నారు. లోయ గుండా నడిచేటప్పుడు పక్కన ఒకరుంటారన్నదే దాని ధీమా. అంటే ఇది బీమా పాలసీ కాదు, తోడు. ఈ తేడా తెలియని వారు దుర్ఘటన జరగ్గానే నమ్మకం ఓడిపోయిందని తేల్చేస్తారు. తేడా తెలిసిన వారు మే 12న మళ్లీ చర్చికి వచ్చారు.

అయినా రాజనీతి శాస్త్రం చదివిన వాడికి కాపరి అన్న పోలిక దగ్గర కొంత ఇబ్బంది తప్పదు. దేవుడు కాపరి అయితే మనిషి గొర్రె కావాలి. తెలుగులో గొర్రె అంటే తిట్టు. గొర్రె కసాయివాడినే నమ్ముతుందని సామెత. ప్రజలను మందగా చూసే అలవాటు పాలకులకు దైవభక్తి కంటే పాతది. బాబిలోనియా రాజు హమ్మురాబి తన శాసనం పీఠికలో తనను తాను కాపరినని చెప్పుకున్నాడు. ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1978లో ప్యారిస్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ కాపరి తరహా అధికారాన్నే విశ్లేషించాడు. మొత్తం మంద మంచినీ, మందలో ఒక్కొక్కరి మంచినీ చూసుకుంటానంటూ మనిషి లోలోపలి దాకా చొరబడే అధికారం అది. ఆధునిక ప్రభుత్వం దాని నుంచి చాలా నేర్చుకుందని ఆయన వాదన.

కానీ బైబిల్‌లో ఈ పోలికను రాజుల చేతిలోంచి లాక్కున్న వాళ్లు కూడా ఉన్నారు. ప్రవక్త యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయం ఇశ్రాయేలు పాలకుల మీద అచ్చమైన అభియోగ పత్రం. మందను మేపాల్సిన కాపరులు తమ కడుపే నింపుకున్నారని, గాయపడిన వాటికి కట్టు కట్టలేదని, తప్పిపోయిన వాటిని వెతకలేదని ఆరోపణ. అందుకే దేవుడే స్వయంగా కాపరి బాధ్యత తీసుకుంటానంటాడు. అంటే దేవుడు కాపరి అనడంలో ఒక పదునైన అర్థముంది. సింహాసనం మీద ఉన్నవాడు అసలు కాపరి కాడు, లెక్క చెప్పాల్సిన వాడు మాత్రమే. ఈ నమ్మకం మనిషిని గొర్రెను చేస్తుందా అంటే, చేయొచ్చు. కానీ అదే నమ్మకం పాలకుడిని నిలదీసే గొంతును కూడా ఇస్తుంది. శ్రీలంకలో జరిగింది రెండోదే.

ఎందుకంటే అక్కడ కాపలాదారులు నిద్రపోయారు. దాడులకు రెండు వారాలకు పైగా ముందే, ఏప్రిల్ 4న, భారత నిఘా సంస్థల నుంచి కొలంబోకు హెచ్చరిక అందింది. ఏప్రిల్ 11న పోలీసు శాఖలో లేఖ కూడా నడిచింది. అందులో జహ్రాన్ హషీం పేరుంది, చర్చిలు లక్ష్యం కావచ్చన్న మాట ఉంది. అయినా చర్చిలకు కబురు వెళ్లలేదు, కాపలా పెరగలేదు. అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన, ప్రధాని రణిల్ విక్రమసింఘేల మధ్య 2018 అక్టోబర్ నుంచి సాగుతున్న కలహం ఎంత ముదిరిందంటే జాతీయ భద్రతా మండలి సమావేశాలకు ప్రధానిని పిలవడమే మానేశారు. దాడుల రోజు సిరిసేన సింగపూర్‌లో ఉన్నారు. మంచి కాపరికీ జీతగాడికీ తేడా చెబుతూ క్రీస్తు, తోడేలు కనబడగానే జీతగాడు మందను వదిలి పారిపోతాడంటాడు. శ్రీలంక జీతగాళ్లు పారిపోవాల్సిన అవసరం కూడా రాలేదు. వాళ్లు అసలు దొడ్డి దగ్గరే లేరు.

చర్చి మొదట చేసింది శాంతించమని చెప్పడం. అది తేలిక కాదు. మే 5న నెగొంబోలోనే కేథలిక్కులకూ ముస్లింలకూ మధ్య ఘర్షణ జరిగింది. కొలంబో ఆర్చిబిషప్ కార్డినల్ మాల్కం రంజిత్ ప్రతీకారం వద్దని విజ్ఞప్తి చేశారు. అయినా మే 12న, ఆ మంచి కాపరి ఆదివారం రోజునే, క్రైస్తవులు అధికంగా ఉండే చిలావ్ పట్టణంలో ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్యపై రేగిన గుంపు మసీదుపై రాళ్లు రువ్వింది. మర్నాటికి అల్లర్లు చుట్టుపక్కల జిల్లాలకు పాకాయి. ఒక ముస్లింను చంపేశారు. ఈస్టర్ దాడులతో ఏ సంబంధమూ లేని మనిషి అతను. కాపరి మీద నమ్మకానికి బాంబు కంటే కఠినమైన పరీక్ష ఇదేనేమో. యోహాను సువార్తలోని అదే అధ్యాయంలో క్రీస్తు ఈ దొడ్డివి కాని గొర్రెలు కూడా తనకున్నాయంటాడు. గాయపడ్డ సమాజం ఆ వాక్యాన్ని దాటవేసి చదువుకోవడం సులువు. దాటవేయనివ్వకపోవడమే మతపెద్ద పని.

తర్వాత చర్చి చేసిన రెండో పని వదలకుండా వెంటపడడం. దాడుల తర్వాత ఏడు నెలలకు, 2019 నవంబర్‌లో, జాతీయ భద్రత నినాదంతో గోటబయ రాజపక్స అధ్యక్షుడిగా గెలిచారు. సిరిసేనపై నేర విచారణ జరపాలని విచారణ సంఘం 2021లో సిఫార్సు చేసినా ఫలితం కనిపించలేదు. ప్రభుత్వంతో మొదట్లో సఖ్యంగా ఉన్నారని విమర్శలు ఎదుర్కొన్న కార్డినలే ఆ తర్వాత దాని కఠిన విమర్శకుడయ్యారు. 2022 మార్చిలో జెనీవా వెళ్లి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో మాట్లాడారు. బాధిత కుటుంబాలు, మతగురువులు, న్యాయవాదుల సంఘం వేసిన పిటిషన్లపై 2023 జనవరి 12న శ్రీలంక సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. మాజీ అధ్యక్షుడు సిరిసేన 10 కోట్ల శ్రీలంక రూపాయలు బాధితులకు చెల్లించాలని, పోలీసు, నిఘా, రక్షణ శాఖల మాజీ అధిపతులు నలుగురు మరో 21 కోట్లు కట్టాలని ఆదేశించింది. కాపలా కాయకపోవడం కూడా పౌరుడి హక్కును కాలరాయడమేనని ఒక దేశాధినేతకు న్యాయస్థానం చెప్పిన అరుదైన సందర్భమది. దాడి వెనుక ఎవరున్నారన్న అసలు ప్రశ్న మాత్రం బాధితులను ఇంకా వేధిస్తూనే ఉంది.

ఈ కథ మనకు కొత్తది కాదు. 2008 ఆగస్టులో ఒడిశాలోని కంధమాల్‌లో స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య తర్వాత చెలరేగిన హింసలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 40 మంది చనిపోయారు. వేలాది దళిత, ఆదివాసీ క్రైస్తవులు ఇళ్లు వదిలి అడవుల్లోకి పరుగెత్తారు. అప్పుడు కటక్-భువనేశ్వర్ ఆర్చిబిషప్‌గా ఉన్న రఫాయెల్ చీనత్ ప్రార్థనతో ఆగలేదు. సుప్రీం కోర్టుకు వెళ్లారు. బాధితులకు అదనపు పరిహారం ఇవ్వాలని, దర్యాప్తులను సమీక్షించాలని కోర్టు 2016 ఆగస్టులో ఆదేశించింది. ఆ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే ఆయన కన్నుమూశారు. బిషప్ చేతిలోని వంపు కర్ర కాపరి కర్రకు గుర్తు. ఈ కాలంలో దాని పని రిట్ పిటిషన్ చేస్తోందని అనుకోవాలి.

అయితే కాపరితనం మతపెద్దలకూ న్యాయస్థానాలకూ మాత్రమే పరిమితం కాదని చెప్పే ఘటన కూడా ఆ ఈస్టర్ నాడే జరిగింది. శ్రీలంక తూర్పు తీరంలోని బట్టికలోవాలో జియాన్ చర్చి తమిళ క్రైస్తవులది. ఆరాధన మొదలయ్యే వేళకు వందల మంది లోపల చేరారు. పెద్ద సంచితో వచ్చిన ఒక అపరిచితుడిని చర్చి సభ్యుడొకరు గమనించాడు. భవన నిర్మాణ కాంట్రాక్టర్, ఇద్దరు పిల్లల తండ్రి. అనుమానం వచ్చి అతడిని లోపలికి రానివ్వకుండా బయటే నిలిపేశాడు. బాంబు అక్కడే పేలింది. ఆయన చనిపోయాడు. సండే స్కూల్ ముగించుకుని బయటికొచ్చిన పిల్లలూ ఎందరో చనిపోయారు. బాంబు హాల్లో పేలి ఉంటే మృతుల సంఖ్య ఎన్ని రెట్లు ఉండేదో ఊహించుకోవచ్చు.

పాలస్తీనాలో గొర్రెల దొడ్డికి తలుపు ఉండేది కాదని, రాత్రిపూట కాపరే ఆ సందులో అడ్డంగా పడుకునేవాడని, అందుకే క్రీస్తు తనను కాపరితోపాటు ద్వారం అని కూడా పిలుచుకున్నాడని బోధకులు వివరిస్తుంటారు. బట్టికలోవాలో ఆ మనిషి వ్యాఖ్యానమేమీ చెప్పలేదు. ద్వారంలో నిలబడ్డాడంతే.

నెగొంబో తల్లి ప్రశ్నకు దీనితో జవాబు దొరికినట్టు కాదు. బట్టికలోవాలో చనిపోయిన పిల్లల తల్లులకూ దొరకదు. దేవుడు ఎందుకు ఆపలేదన్నది ఏ తీర్పూ తేల్చలేని విషయం, ఏ కాలమిస్టూ తేల్చకూడని విషయం. కానీ దేవుడు కాపరి అని నిజంగా నమ్మిన వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదన్నది మాత్రం రికార్డులో ఉంది. కొందరు కోర్టు మెట్లెక్కారు. కొందరు పొరుగువాడి మసీదుపై రాయి వేయొద్దన్నారు. ఒకరు గేటు దగ్గర ఆగిపోయారు. కొచ్చికడేలోని సెయింట్ ఆంథనీ చర్చిని 2019 జూన్‌లో, సెయింట్ సెబాస్టియన్‌ను జూలైలో మరమ్మతులు చేసి తిరిగి తెరిచారు. జనం వచ్చారు. కాపరి ఎక్కడున్నాడని వాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉండొచ్చు. అయితే కొలంబో పాలకుల్ని ఆరోజు మీరెక్కడున్నారని అడగడం మాత్రం వాళ్లు మానలేదు.