కొత్త పద్ధతిని రైతు ఎందుకు కాదంటాడు?

"ఎంత చెప్పినా వినరు, పాత పద్ధతి వదలరు." కూరగాయల రైతుల గురించి ఇటువంటి మాట మీరు వినే ఉంటారు. మీలో కొందరు మీ ఇంటివారి గురించే విని ఉండవచ్చు. ఈ మాట ఎంతవరకు న్యాయం? చిన్న రైతు ఒక కొత్త పద్ధతిని కాదన్నప్పుడు చాలాసార్లు అతని లెక్కే సరైనదని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను. మీరే తూచి చూడండి.

ముందుగా ధర సంగతి చూద్దాం. మదనపల్లె టమాటా మార్కెట్టు పేరు మీకు తెలుసు. 2023 జూలైలో అక్కడ కిలో టమాటా ధర వంద రూపాయలు దాటింది. సెప్టెంబరు నాటికి అది పది రూపాయల దరిదాపులకు దిగిపోయింది. నారు నాటిన తరువాత మొదటి కోతకు సుమారు రెండు నెలలు పడుతుంది. ఆ రోజుకు ధర ఎలా ఉంటుందో నాటేటప్పుడు ఎవరూ చెప్పలేరు. కాని డ్రిప్పు గొట్టాలు, మల్చింగ్ షీటు, హైబ్రిడ్ నారు, మొక్కలకు ఊతంగా కర్రలు - వీటన్నిటికీ డబ్బు ముందే పెట్టాలి. వీటివల్ల దిగుబడి పెరుగుతుంది, నిజమే. అయితే ధర పడిపోయిన రోజున కోత కూలి కూడా రాదు. పెద్ద రైతు ఆ నష్టాన్ని తట్టుకుని మళ్ళీ పంట వేస్తాడు. అర ఎకరం రైతుకు అదే నష్టం అప్పుగా మారి ఇంటి మీదికి వస్తుంది. "ఎంత ఎక్కువ పండుతుంది?" అన్నది సలహా ఇచ్చేవారి ప్రశ్న. "పోతే ఎంత పోతుంది?" అన్నది రైతు ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నను అజ్ఞానం అనలేము.

రెండవ కారణం భూమి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలోని కమతాలలో 86 శాతం రెండు హెక్టార్లకు లోపువే. వాటిలో కౌలుకు సాగయ్యేవి కూడా ఉన్నాయి. డ్రిప్పుకు ప్రభుత్వం రాయితీ ఇస్తుంది. దానికి భూమి కాగితాలు చూపాలి. కౌలుదారు చేతిలో అవి ఉండవు. పైగా వచ్చే ఏడాది తనకు దక్కుతుందో లేదో తెలియని పొలంలో ఏళ్ళ తరబడి పనికివచ్చే గొట్టాలు అతడు ఎందుకు పరుస్తాడు?

మూడవ కారణం సలహా ఎక్కడి నుంచి వస్తుందన్నది. చాలా ఊళ్ళలో పురుగుమందులు అరువిచ్చే దుకాణదారే రైతుకు సలహాదారు కూడా. మందు తక్కువ చల్లమనే మాట ఆ దుకాణంలో వినబడడం కష్టం.

మరి చిన్న రైతు కొత్తదేదీ స్వీకరించడా? తప్పక స్వీకరిస్తాడు. టమాటాలో బంతి వేసే పద్ధతినే తీసుకోండి. 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి వేయమని శాస్త్రవేత్తలు సూచించారు. 45 రోజుల బంతి నారును, 25 రోజుల టమాటా నారును ఒకేసారి నాటాలి. అప్పుడు రెండూ ఒకే సమయానికి పూతకు వస్తాయి. కాయతొలుచు పురుగు తల్లి బంతిపూలకు ఆకర్షితమై అక్కడ గుడ్లు పెడుతుంది. ఈ పద్ధతికి ఖర్చు కొద్ది. కొద్ది స్థలంలో వేసి చూడవచ్చు. ఫలితం కంటికి కనిపిస్తుంది. పూలు అమ్ముకోవచ్చు. ఇటువంటిదానికి రైతు వెనుకాడవలసిన పని లేదు.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా వ్యాపించిందో ఇద్దరు పరిశోధకులు 1943లో ప్రకటించారు. విత్తనం సంగతి రైతులకు మొదట చెప్పింది అమ్మకందారులు. వారిని ఒప్పించింది మాత్రం పొరుగు రైతుల అనుభవం. మొదట కొద్ది విస్తీర్ణంలో వేసి చూసిన తరువాతే వారు పెంచారు. మన ఊళ్ళలోనూ అంతే. పక్క పొలంలో పండిన పంటకున్న బలం ఉపన్యాసానికి ఉండదు.

పాత పద్ధతులన్నీ మంచివని నేను అనడం లేదు. కోతకు ముందు రోజు మందు చల్లడం చల్లేవారికీ, తినేవారికీ హానికరం. అది మానవలసిందే. అయితే మార్చే బాధ్యత రైతు ఒక్కడిదే కాదు. శిక్షణకు పిలిచేవారు కలుపు తీసి, కాయ కోసే ఆడవారిని కూడా పిలవాలి. కౌలుదారుకూ రాయితీ అందాలి. కొత్త పద్ధతి విఫలమైతే నష్టంలో సలహా ఇచ్చినవారికీ పాలు ఉండాలి.

మీ వద్దకు ఎవరైనా కొత్త పద్ధతితో వస్తే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ముందుగా ఎంత ఖర్చు? పంట పోతే ఎంత నష్టం? రెండు వరుసల్లో వేసి చూడవచ్చా? దగ్గరలో ఎవరి పొలంలో చూడవచ్చు? జవాబులు తృప్తిగా ఉంటే రెండు వరుసలతో మొదలుపెట్టండి. లేకుంటే కాదనడానికి సంకోచించకండి.