అడుగుటకు ముందు కాపాడుట నేర్తము

అమరావతి శిల్పములు లండను నుండి ఎన్నడు తిరిగి వచ్చునని మన పఠనాలయములలో తరచు ప్రశ్న వినవచ్చుచుండును. ప్రశ్న న్యాయమైనదే. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించిన ఆ సున్నపురాతి ఫలకములు చెన్నపట్టణము చేరి, ఎండకును వానకును ఏండ్ల తరబడి గురియై, 1859లో ఓడ నెక్కెను. నూరింటికి పైగా నేటికిని బ్రిటిషు మ్యూజియములో నున్నవి. అయినను, న్యాయస్థానమున మెలగువారికి ఒక సంగతి తెలియును: డిక్రీ పొందుట యొకటి, పొందిన సొత్తును నిలుపుకొనుట వేఱొకటి.

మన సీమనే చూతము. మలికిపురమునకు అనతిదూరమున ఆదుర్రులో బౌద్ధస్తూపము శిథిలమై యున్నది. అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కొయ్యరథము 2020 సెప్టెంబరున ఒక్కరాత్రిలో బూడిద యయ్యెను. మఱుసటి యేట క్రొత్తరథము కదలెను, సంతోషమే. కాని కాలిన పనితనము మరల రాదు. ప్రతి చెక్కడమునకును కొలత, ఛాయాచిత్రము, పట్టికలో పద్దు ముందే యుండినచో, వస్తువు పోయినను విద్య మిగులును. ఉప్పుగాలి, చెదలు, వరద కాచుకొనియున్న కోనసీమలో అటకలపై తాటాకు గ్రంథములున్న గృహస్థులు ఈ మాట యోచింతురు గాక.

ఇట్టి రక్షణ భక్తిచేతనే సిద్ధింపదు; చదువు కావలెను. బరోడా విశ్వవిద్యాలయము 1952లోనే ఇందులకొక శాఖ నెలకొల్పెను. ఢిల్లీలో 1989లో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూటు వెలసెను. పట్టపరీక్ష ముగించినవారు చదువదగిన విద్య యిది. వస్తువు ఎచ్చట, ఎట్లు, ఎవరివలన లభించెనో నమోదు చేయుట; తేమ, వెలుతురు, పురుగులనుండి కాచుట; చూడవచ్చిన పామరునికి నాలుగు మాటలలో బోధపరచుట; ధనము, భద్రత, సిబ్బంది నిర్వహించుట — ఇవి యందలి ముఖ్యాంశములు. పుట్టుపూర్వోత్తరములు తెలియని విగ్రహము సాక్షి లేని దస్తావేజు వంటిది.

తెలుగువారి గడ్డపై ఇది సాధ్యమా యని శంకింప నక్కరలేదు. సాగరమున మునుగనున్న నాగార్జునకొండ లోయను 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, లభించిన వానిని కొండమీదికి చేర్చి, 1966లో ద్వీపముననే ప్రదర్శనశాల తెఱచిరి. నేర్చినవారుండిరి గనుకనే అది జరిగెను.

“ఇంత చదివిన కొలువు దొరకునా?” యని తలిదండ్రు లడుగుదురు. కొలువులు స్వల్పమనుట నిజమే. ఆ దోషము విద్యది కాదు. ప్రదర్శనశాలను గోదాముగ నెంచు మనది. శిక్షణ పొందినవారికే క్యూరేటరు పదవి యిచ్చుట ప్రభుత్వపు విధి. ఈ చదువునకు విద్యార్థివేతనము లొసగుట దేవస్థానముల ధర్మకర్తలకును శ్రీమంతులకును శోభ. మన కళాశాలల నుండి ఏటేట ఒక్క విద్యార్థియైనను ఈ మార్గమున నడచిన, పదేండ్లకు మన కోరికకు బలము చేకూరును. అప్పుడు లండనువారిని అడుగు గొంతు వణకదు.