ఆడుకునే బడి కోసం పెనుగొండ ప్రణాళిక

పెనుగొండలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పాఠాలు చెప్పే టీచర్లం, అంగన్‌వాడీ కార్యకర్తలం, ఆ పిల్లల అమ్మానాన్నలం, వాళ్ళను రోజూ బడి దగ్గర దిగబెట్టే తాతయ్యలం, అమ్మమ్మలం కలిసి కూర్చుని రాసుకున్న ప్రణాళిక ఇది. చిన్నబడిలో ఆట పాఠంలో భాగం కావాలి. బడిలో జరిగే పండగ పిల్లలది కావాలి. మేం కోరేది ఈ రెండే.

"ఆటలేనా మాస్టారండీ, చదువేమైనా చెబుతున్నారా?" అని గేటు దగ్గర అడిగేవాళ్ళున్నారు. ఆ భయం న్యాయమైనదే. కూలి మానుకుని మీటింగుకు వచ్చిన తల్లికి బిడ్డకు చదువు వస్తోందో లేదో తెలిసితీరాలి. అందుకే ముందు ఒక్క ఆటను దగ్గరగా చూడమంటాం.

వామనగుంటల పీటకు అటు ఏడు, ఇటు ఏడు, మొత్తం 14 గుంటలు. పీట లేకపోతే వరండా గచ్చు మీద సుద్దతో గీసుకోవచ్చు. గుంటకు నాలుగేసి చింతపిక్కలు వేస్తే ఒక్కో వైపు 28, రెండు వైపులా 56. ఆట మొదలుకాకముందే ఏడు నాలుగులు ఎంతో రెండో తరగతి పాప చేతికి తెలిసిపోతుంది. ఒక గుంటలోని పిక్కలు తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంటలోవి తీసి సాగాలి. ఖాళీ గుంట తగిలితే దాని అవతలి గుంటలోవి సొంతం. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఆగుతామో ముందే మనసులో లెక్క వేసుకున్న పిల్ల గెలుస్తుంది. ఒక్క పిక్క అటూ ఇటూ అయినా ఎదుటి పిల్ల ఊరుకోదు, లెక్క మళ్ళీ చూపించమంటుంది. ఆట ముగిశాక ఒకరికి 34 వస్తే రెండోవారికి ఎన్ని వచ్చి ఉండాలో పక్కన చూస్తున్న మూడో పిల్ల చెప్పాలి. ఇంత లెక్కల పాఠం ఏ వర్క్‌బుక్కు పేజీలో ఉందో చూపించమని మా మనవి.

అష్టాచెమ్మా గవ్వలు, తొక్కుడుబిళ్ళ గళ్ళు, పులీమేకల ఎత్తుగడలు కూడా అంతే. అచ్చనగాయలు ఎగరేసి పట్టే వేళ్ళకు, ముగ్గుపిండి సన్నగా జారవిడిచే వేళ్ళకు పెన్సిల్ బరువనిపించదు. వేళ్ళలో పట్టు రాకముందే నాలుగేళ్ళ బిడ్డ చేత గంటల తరబడి గీతల మధ్య అక్షరాలు దిద్దించడం ఆపాలని ఇంగ్లీషు మీడియం, తెలుగు మీడియం తేడా లేకుండా అన్ని బడులనూ కోరుతున్నాం. మన పిల్లలకు అది చేస్తున్న హాని మేం కళ్ళారా చూస్తున్నాం.

ఇది మా ముచ్చట మాత్రమే అనుకోవద్దు. ఆడుకోవడం పిల్లల హక్కని ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. 1992లో మన దేశమూ అందులో చేరింది. పిల్లలు పనుల ద్వారా, స్వయంగా వెతికి కనుక్కోవడం ద్వారా నేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటోంది. ఆ చట్టం షెడ్యూలులో ఆటస్థలం కూడా ఉంది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా చదువు ఆటపాటలతోనే సాగాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మన రాష్ట్రంలో శనివారానికి 'నో బ్యాగ్ డే' అని పేరు పెట్టారు. ఆ రోజు సంచి ఇంట్లో పెట్టించి, హోంవర్కు మాత్రం వాట్సాప్‌లో పంపడం మాకు సమ్మతం కాదు.

మాది గోదావరి డెల్టా. డెల్టా బడికి డెల్టా కష్టాలుంటాయి. వానాకాలంలో గ్రౌండు వారాల తరబడి బురద. అలాంటప్పుడు ఆట మానకుండా వరండాలోకి రావాలి. వానలు తగ్గాక గ్రౌండులో మెరక వేయించడం పంచాయతీ పనిగా అడుగుతాం. కాలువ గట్టున ఉన్న బడికి కంచె లేకుండా ఏ ఆటా వద్దు, ఇందులో రాజీ లేదు.

ఇక పండగల సంగతి. అతిథి వచ్చేదాకా పిల్లలను ఎండలో వరసలో నిలబెట్టే కార్యక్రమం మా బడుల్లో జరగదు. వార్షికోత్సవానికి అద్దె డ్రస్సు పేరుతో తల్లిదండ్రుల దగ్గర డబ్బు వసూలు చేయం. బాగా డ్యాన్సు చేసే పదిమందిని స్టేజీ ఎక్కించి మిగతావాళ్ళను చప్పట్లకు కూర్చోబెట్టం. పిలుపు కార్డు రాయడం, ఎన్ని కుర్చీలు కావాలో లెక్కేయడం, వచ్చిన పెద్దలకు మంచినీళ్ళివ్వడం, మైకు ముందు నిలబడి రెండు మాటలు చెప్పడం, అన్నీ పిల్లలే చేస్తారు. తప్పులు దొర్లుతాయి, దొర్లనివ్వండి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగిన రోజు అమ్మలకు ముగ్గులు, నాన్నలకు తాడులాగుడు పోటీలు పెట్టారు. పెద్దవాళ్ళు బడి ఆవరణలో ఆడితే పిల్లల ముఖాలు ఎలా వెలిగిపోతాయో ఊరంతా చూసింది. ఎప్పుడో ఒకసారి సరిపోదు, మూణ్ణెల్లకొకసారి కావాలి.

వినాయక చవితికి 21 పత్రిలో ఏ ఆకులు మన చేలగట్ల మీద దొరుకుతాయో పిల్లలు వెతికి తెస్తారు. ఉత్తరేణి, గరిక, జిల్లేడు చేత్తో తడిమి గుర్తుపడతారు. అట్లతద్దికి ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఉయ్యాల ఊగుతారు. క్రిస్మస్‌కు వెదురుబద్దలతో నక్షత్రం కడతారు. రంజాన్‌కు తోటి పిల్లల ఇళ్ళ సేమ్యా తింటారు. మాది వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి గుడి ఉన్న ఊరు కాబట్టి దేశం నలుమూలల నుంచి యాత్రికులు వస్తారు. వాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ భాష మాట్లాడతారో అడిగి తెలుసుకుని మ్యాపులో చుక్క పెట్టడం నాలుగో తరగతికి సాంఘికశాస్త్రం. ఊడ్పుల వేళ చేలగట్టు మీదికి, వీలైనప్పుడు మార్టేరు వరి పరిశోధన స్థానానికి పిల్లలను తీసుకెళ్తాం. స్వర్ణ అని మనం పిలుచుకునే 7029 రకం 1982లో విడుదలైంది అక్కడి నుంచే. అన్నం ఎక్కడిదని అడిగే బిడ్డకు ఇంత దగ్గర్లో జవాబు ఉంది.

అన్నిటికన్నా పెద్ద అవకాశం 2027 గోదావరి పుష్కరాలు. 2015 పుష్కరాలు గుర్తున్న పిల్ల ఇప్పుడు మా తరగతుల్లో ఒక్కరూ లేరు. ప్రతి బిడ్డా ఇంట్లో నాయనమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి 2015లో, 2003లో, 1991లో ఏ రేవులో మునిగారో, ఎలా వెళ్ళారో, ఏం వండుకుని పట్టుకెళ్ళారో అడిగి రాయాలి. పన్నెండేసి ఏళ్ళు వెనక్కి వెళ్తుంటే పన్నెండో ఎక్కం దానంతటదే వస్తుంది. పడవ మీద రేవుకు వెళ్ళిన తాతయ్య ఎవరైనా దొరికితే ఆయన్ను బడికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెడతాం. సిద్ధాంతం ఊరి దగ్గర వశిష్ఠ గోదావరి చూపించి, పిల్లలు రాసినవన్నీ కలిపి చేత్తో కుట్టిన పుస్తకం చేసి లైబ్రరీలో పెడతాం.

బడిలో అన్నం వండే అక్కలు, సైకిలు బాగుచేసే బాబాయిలు, లేసు అల్లే పిన్నులు మాకు టీచర్లే. నెలకొక గంట వాళ్ళు బడికి రావాలి. వచ్చిన రోజు పోయిన కూలిని పాఠశాల యాజమాన్య కమిటీ ఇవ్వాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి కనుక ఈ తీర్మానం నెగ్గించుకునే బలం మనకే ఉంది.

ఒప్పుకున్నవాళ్ళు పేరు రాయండి. వచ్చే శనివారం గుప్పెడు చింతపిక్కలు, నాలుగు గవ్వలు, ఒక సుద్దముక్క పట్టుకుని మీ పిల్లల బడికి రండి. ఏ ఆట నేర్పగలరో ముందు రోజు టీచరుగారికి చెప్పండి.