స్వాగతానికేనా జానపద కళ?

శ్రావణమాసం వస్తున్నదంటే మా వేంపల్లె ప్రాంతపు పల్లెలలో రాత్రిళ్లు చెక్కల చప్పుడు వినిపిస్తుంది. పాపఘ్ని కొండలను చీల్చుకుని పారే గండిలో ప్రతి శ్రావణ శనివారమూ ఆంజనేయస్వామి తిరునాళ్ల. అది జనం తమంతట తాము కూడే సంబరం. మరోవైపు గండికోట వంటిచోట్ల పర్యాటకం పేరిట ప్రభుత్వం జరిపే ఉత్సవాలున్నాయి. ఈ రెండవ రకం పద్ధతి ఇప్పుడు మొదటిదానిలోకి కూడా పాకుతున్నది. మాట్లాడవలసింది దాన్ని గురించే.

ఉత్సవాల కరపత్రం ఒకటి తీసుకుని శ్రద్ధగా చదవండి. తెలుగుపాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నాకు మాటల దగ్గర ఆగడం అలవాటు. నగరంనుంచి వచ్చే సినిమా గాయకుని పేరు, బొమ్మ పెద్దవిగా వుంటాయి. అది 'సాంస్కృతిక కార్యక్రమం'. చెక్కభజన, కోలాటం, పలకలు మాత్రం కట్టగట్టి ఒకే పంక్తిలో వుంటాయి, ముఖ్య అతిథికి స్వాగతం పలికేవాళ్లుగా. వీరిది కార్యక్రమం కాదన్నమాట! తోరణాల వలె, పూలదండల వలె అలంకార సామగ్రి.

కొన్నేళ్లక్రితం ఒక అధికార ఉత్సవంలో నేను కళ్లారా చూశాను. ఇరవైమంది చెక్కభజనవాళ్లు, అందరూ సేద్యపు కూలీలే, మధ్యాహ్నంనుంచి గజ్జెలు కట్టుకుని ఎండలో నిలబడ్డారు. అతిథి కారు పొద్దుగూకినాక వచ్చింది. దాని ముందు అర ఫర్లాంగు నడిచారు. తరువాత వేదికవైపు పోబోతే, చొక్కాకు బిళ్ల తగిలించుకున్న కుర్రవాడొకడు "మీది అయిపాయె గదన్నా" అని అన్నాల పొట్లాల వైపు చేయి చూపించాడు. ఆ బృందం గురువు అరవై దాటినవాడు. నాతో ఒక్కమాటే అన్నాడు: "మేం ఆడనే లేదు సార్. నడిచినాం, అంతే."

ఆ మాట అక్షరసత్యం. చెక్కభజన వలయంలో బతికే కళ. గురువు పల్లవి ఎత్తుకోవాలి, బృందం అందుకోవాలి, చెక్కా గజ్జే ఒక్క దెబ్బగా పలకాలి. పాట వడి పెరిగేకొద్దీ అడుగు మారాలి. కూలికి పోయివచ్చి నెలల తరబడి రాత్రిళ్లు నేర్చుకుంటేగాని అది కాళ్లకు పట్టుబడదు. అటువంటి విద్యను కారుముందు నడిపించడమంటే కవిచేత పద్యం చదివించకుండా అతని శాలువాను చూపించి పంపివేయడమే. ఆనాటి కూలి పోయిన సంగతి సరేసరి.

"మేము గౌరవించడం లేదా?" అంటారు పెద్దలు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ యిచ్చారు. న్యాయమే, ఆలస్యమైన న్యాయం. కాని ఒక మనిషికి పతకం వేరు, ఒక కళకు ఏటా నాలుగు రాత్రుల ఆట వేరు. మొదటిదాన్ని చూపించి రెండవదాన్ని ఎగగొట్టడం మాకు అర్థం కాని ఎత్తు కాదు.

ఇక మనలోనే కొందరు మిత్రులున్నారు. భజన భక్తి గనుక భూస్వామ్య అవశేషమనీ, దాని కోసం పోరాడటం అభ్యుదయం కాదనీ వారి వాదం. బుర్రకథ మాత్రం ఏమిటి? అది జంగంకథ కాదా? 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఆ తంబురానే భుజాన వేసుకుని రైతుకథ చెప్పింది. నాజర్ చేతిలో అది ఏమయిందో, మోటూరి ఉదయం వంటి స్త్రీలు దళం కట్టి చెప్పినప్పుడు ఏమయిందో ఈ మిత్రులకు నేను చెప్పాలా? 1947లో సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ప్రజాకళ అంటే పాలకులకు అంత భయం వుండేది. నాటకాలను నిషేధించే 1876 నాటి చట్టం 2018లో రద్దయిపోయింది. ఇప్పుడు దానితో పనేముంది? ఆటకు చోటివ్వకపోతే చాలు.

మిత్రులు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి వున్నది, దాన్ని వారు అడగరు. పలక మోగనిదే ఊరేగింపు కదలదు. ఆ పలక కొట్టే మాదిగ బిడ్డ గుడిముందు ఎక్కడ నిలబడతాడు, కరపత్రంలో అతని పేరేది? భజనను నిందించడం సులువు. ఈ మాట ఊరి పెద్దల ఎదుట అడగడం కష్టం.

పాట ఎంచుకునే హక్కు కూడా ఆడేవారిదే కావాలి. మా పక్కనే తుమ్మలపల్లెలో 2012లో యురేనియం కర్మాగారం మొదలయింది. బావినీళ్లు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకున్నారు. రామునిమీద అల్లినంత ఇంపుగా ఆ బావిమీద కూడా పాట అల్లగలవాళ్లు మా పల్లెల్లో వున్నారు. స్వాగత యాత్రలో ఆ పాట ఎవడు పాడనిస్తాడు?

అందువల్ల తొలి శనివారం రాకముందే నిర్వాహకుల దగ్గరకు పోయి కూర్చోవాలి. గురువు పేరు, పలకలవారి పేర్లు కరపత్రంలో అచ్చువేయాలి. పోయిన కూలికి తగ్గకుండా, సాధన చేసిన రాత్రులను కూడా లెక్కగట్టి డబ్బు చేతికివ్వాలి. వేదిక సంగతి కూడా అడుగుదామని ఆ గురువుతో అన్నాను. ఆయన తల అడ్డంగా వూపాడు. బల్లలమీద అడుగు సరిగా పలకదట. చదునైన నేల, నాలుగు దీపాలు, చుట్టూ జనం కూర్చునే చోటు, గంటన్నర సేపు ఎవరూ మధ్యలో వచ్చి ఉపన్యాసం ఇవ్వకుండా వుంటే చాలునన్నాడు.