డ్రైవింగు మేష్టారి లైసెన్సు

పిల్లవాడికి లెక్కలు చెప్పటానికి ట్యూషను మేష్టారిని కుదుర్చుకోవాలంటే మనం వీధి వీధంతా వాకబు చేస్తాం. ఆయన ఏం చదివారు, కిందటేడు ఆయన దగ్గర చదివినవాళ్ళకు ఎన్ని మార్కులు వచ్చాయి అని ఆరా తీస్తాం. అమ్మాయికి సంగీతం చెప్పే పంతులమ్మగారి గురువుగారెవరో కూడా కనుక్కుంటాం. అదే అమ్మాయికి కారు నడపటం నేర్పే మనిషిని మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాం: "లైసెన్సు ఎన్నాళ్ళలో వస్తుందండీ?"

లెక్క తప్పితే మార్కులు పోతాయి. బ్రేకు తప్పితే ఏం పోతుందో వేరే చెప్పనక్కర లేదు. కేంద్ర రవాణా శాఖ లెక్కప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అంటే రోజుకు సుమారు 460 మంది. వీటన్నిటికీ నేర్పినవాళ్ళే కారణమని నేననను. రోడ్లున్నాయి, తాగి నడిపేవాళ్ళున్నారు, వేగం వుంది. కాని సరిగ్గా నేర్చుకోవటం ఒక్కటైనా మన చేతిలో వున్న పని గదా!

మా ఎదురింట్లో ఒక అమ్మాయి వుంది. బ్యాంకులో పని చేస్తుంది. కిందటేడు ఒక డ్రైవింగు స్కూల్లో చేరి "పదిరోజుల కోర్సు" పూర్తి చేసింది. తరువాత ట్రాకుమీద పరీక్ష కూడా నెగ్గి, లైసెన్సు రాగానే వీధిలో అందరికీ మిఠాయి పంచింది. ఆ ఆదివారం సొంత కారు బయటికి తీసింది. సందు మలుపులో బంతికోసం ఒక కుర్రవాడు అడ్డం పరుగెత్తాడు. కారు వాడికి జానెడు దూరంలో ప్రహరీగోడకు కొట్టుకుని ఆగింది. కుర్రవాడు క్షేమం. గోడకు మాత్రం నాలుగు ఇటుకలు వూడాయి.

సాయంత్రం వెళ్ళి పలకరిస్తే ఆ అమ్మాయి అన్నది:

"బాబాయిగారూ, బ్రేకు ఎక్కడుందో నాకు తెలుసు. కాని ఆ పదిరోజుల్లోనూ గట్టిగా నొక్కవలసి వచ్చినప్పుడల్లా సారే నొక్కేశారు. నా కాలికి ఆ పని ఎప్పుడూ పడలేదు."

అసలు కిటుకు ఇక్కడే వుంది. డ్రైవింగు స్కూలు కారులో మేష్టారి కాళ్ళకింద కూడా బ్రేకూ క్లచ్చీ వుంటాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, మోటారు సైకిళ్ళు తప్ప, నేర్పటానికి వాడే బళ్ళన్నిటికీ ఈ ఏర్పాటు వుండి తీరాలి. అది ప్రాణం కాపాడే ఏర్పాటు. కాని మేష్టారు తొందర మనిషైతే అదే మోసం చేస్తుంది. కారు సాఫీగా పోతోంది గదా అని శిష్యురాలు మురిసిపోతుంది. నడిపేది మాత్రం పక్క సీటాయన!

మరి ఈ మేష్టారు ఎవరయి వుండాలి? దానికీ చట్టం వుంది. 1988 మోటారు వాహనాల చట్టం 12వ సెక్షను కింద డ్రైవింగు స్కూలుకు లైసెన్సు కావాలి. నేర్పేవాడు కనీసం పదో తరగతి ప్యాసయి వుండాలి. అయిదేళ్ళు బండి నడిపిన అనుభవం వుండాలి. పైగా మోటారు మెకానిజంలో సర్టిఫికెట్టు వుండాలి. స్కూల్లో నల్లబల్ల, ట్రాఫిక్ గుర్తుల పటం, ప్రథమ చికిత్స పెట్టె వుండాలి. స్కూలు లైసెన్సు అసలు ప్రతినీ, నేర్పేవారి పేర్లనూ ఆఫీసులో అందరికీ కనబడేటట్టు పెట్టాలి. ఆ లైసెన్సు అయిదేళ్ళవరకే చెల్లుతుంది. గోడమీది పటాల మధ్య అది వుందో లేదో, తేదీ దాటిందో లేదో చూడటానికి మనకు పట్టేది అర నిమిషం.

ఇక పదిరోజుల కోర్సు సంగతి. సొంత కారు నేర్చుకునేవారికి శిక్షణ 21 రోజులకు తగ్గకూడదనీ, అందులో స్టీరింగు పట్టి నడిపే కాలం పది గంటలకు తగ్గకూడదనీ అవే నియమాలు చెబుతున్నాయి. రోజుకు అరగంట చొప్పున 21 రోజులంటే పదిన్నర గంటలు. లెక్క సరిపోయింది. అదే అరగంట పదిరోజులైతే అయిదు గంటలే. తక్కిన అయిదు గంటల పాఠం మన వీధిలో, మన పిల్లల మధ్య జరుగుతుందన్నమాట.

తప్పంతా మేష్టార్లదే అనటం న్యాయం కాదు. పాపం, తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి రాత్రి దీపాలు పెట్టినదాకా ఒకరి తరువాత ఒకరికి నేర్పుతూనే వుంటారు. 21 రోజులకు ఇంత ఫీజు అంటే "పక్క వీధిలో పది రోజుల్లోనే చెబుతున్నారే" అని బేరమాడేది మనమే. మనం కొనేది కాగితమైనప్పుడు వాళ్ళు అమ్మేదీ కాగితమే అవుతుంది.

2021 జులై ఒకటి నుంచి మరో పద్ధతి కూడా వచ్చింది. ప్రభుత్వ గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలని పెట్టారు. కారు కోర్సు 29 గంటలు. 8 గంటలు పాఠం, 21 గంటలు అభ్యాసం. అక్కడ ఉత్తీర్ణులయినవారికి రవాణా కార్యాలయంలో మళ్ళీ డ్రైవింగు పరీక్ష వుండదు. 2024లో ఈ సంగతే చిలవలు పలవలై, ఇకమీదట ఎవరికీ పరీక్షే లేదని ప్రచారమైంది. అది నిజం కాదని కేంద్రం వివరణ ఇవ్వవలసి వచ్చింది. మామూలు స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్టు వున్నా పరీక్ష తప్పదు. గుర్తింపు కేంద్రంలో నేర్చినా లైసెన్సు ఇచ్చేది రవాణా కార్యాలయమే. "మా దగ్గర చేరితే పరీక్ష లేకుండా ఇప్పిస్తాం" అని మామూలు స్కూలువారెవరైనా అంటే వెంటనే లేచి వచ్చెయ్యండి.

ఇంట్లోనే నాన్నగారు నేర్పుతానంటే? నేర్పవచ్చు. నేర్చుకునేవారికి లెర్నర్ లైసెన్సు వుండాలి. పక్కన కూర్చున్నవారికి చెల్లుబాటయ్యే లైసెన్సు వుండాలి, బండిని అదుపు చేయగలిగేటట్టు కూర్చోవాలి. బండికి ముందూ వెనకా తెల్లని పలకమీద ఎర్రని "ఎల్" అక్షరం వుండాలి. కాని సొంత కారులో నాన్నగారి కాలికింద బ్రేకు వుండదు. మొదటి పాఠాలు ఖాళీ మైదానంలో జరగటం మంచిది. కుర్రవాడికి పదిహేనేళ్ళకే తాళం చెవులిచ్చి మురిసిపోయే తండ్రులకు ఇంకొక మాట. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే బండి సొంతదారుకో సంరక్షకుడికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళదాకా జైలుశిక్ష పడవచ్చు. ఆ కుర్రవాడికి పాతికేళ్ళు నిండేదాకా లెర్నర్ లైసెన్సు కూడా ఇవ్వరు.

ఈ సెలవుల్లో మీ ఇంట్లో ఎవరైనా డ్రైవింగు స్కూల్లో చేరబోతూ వుంటే ఒక చిన్న పని చేయండి. రోజూ పాఠమయ్యాక మేష్టారిని ఒక్క ప్రశ్న అడగమనండి: "సార్, ఈవేళ మీరెన్నిసార్లు బ్రేకు వేశారు?" మొదటిరోజు ఇరవై అన్నా తప్పులేదు. అది తగ్గుతూ తగ్గుతూ వరసగా నాలుగు రోజులు సున్న అయినప్పుడు పరీక్షకు దరఖాస్తు పెట్టండి. ఇంకా అయిదో ఆరో వుంటే మరో వారం ఫీజు కట్టండి. గోడ కట్టించటంకంటే అది చవక.