దొంగకొక న్యాయము, దొరకొక న్యాయము

2025 నవంబరు మాసమున హైదరాబాదు పోలీసులు 'ఐబొమ్మ' యను జాలస్థలమును నడపుచుండెనను నేరముపై నొక యువకుని నిర్బంధించిరి. ఆనాటినుండి తెలుగునాట నొక వాగ్యుద్ధము చెలరేగినది. చిత్రనిర్మాతలు అతనిని దొంగ యనిరి. అతని మూలమున నుచితముగ సినిమాలు చూచినవారిలో పలువురు దాత యనిరి. నిర్మాతలు పోలీసులకు కృతజ్ఞతలు తెలిపిరి. సామాన్యులనేకులు నిందితునియందు జాలి చూపిరి. రెండు పక్షముల వాదములను మేము శ్రద్ధతో నాలకించితిమి. మా యభిప్రాయము రెండు పక్షములకును రుచింపకపోవచ్చును. అయినను చెప్పక తప్పదు.

పరుల సొత్తును పంచిపెట్టువాడు దాత కానేరడు. ఆ జాలస్థలము నడచినది జూదపు ప్రకటనల రాబడితోనని పోలీసులు ప్రకటించిరి. అదియే నిజమైనచో, పేదవానికి సినిమా యెర, జూదము గాలము. ఎరను చూచి గాలమును మరచిన చేపవలె మన యువకులు కొందరు అతనికి జయజయధ్వానములు పలికిరి. అది మెచ్చదగినది కాదు. అయితే ఆ జాలి యెచటనుండి పుట్టినదో నిర్మాతలును ఆలోచింపవలెను. 2024 డిసెంబరులో నొక పెద్దచిత్రపు ముందస్తు ప్రదర్శనకు టిక్కెట్టుపై 800 రూపాయలు అదనముగ వసూలు చేసికొనుటకు రెండు తెలుగు ప్రభుత్వములును అనుమతి నిచ్చినవి. కూలివాని దినవేతనమంతయు నొక్క సినిమాకు చాలనిచోట, చట్టముపై గౌరవము నిలుచుట కష్టము. ధర యధికమని యంగడి దోచుట ధర్మము కాదు; అంగడివాడు దోపిడి ధర పెట్టుటయు ధర్మము కాదు.

చిత్రచౌర్యమును శిక్షించుటకు మన చట్టమున పదునైన యాయుధములే కలవు. 2023లో సవరింపబడిన సినిమాటోగ్రాఫు చట్టము ననుసరించి, ప్రదర్శనశాలలో దొంగచాటుగ చిత్రమును ముద్రించుకొనినవానికి మూడునెలలకు తక్కువ కాకుండ మూడేండ్లవరకు కారాగారము, మూడు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా విధింపవచ్చును. కాపీరైటు చట్టపు 63వ సెక్షను ఆరునెలలనుండి మూడేండ్లవరకు ఖైదును చెప్పుచున్నది. ఈ శిక్షలు కూడవని మేమనుట లేదు. మేమడుగునది యొక్కటే: ఈ చట్టములకు చిన్నవారి పేర్లు మాత్రమే తెలియునా? పెద్దవారి గడప కడకు వచ్చునప్పటికి వాని నోరు పడిపోవునా?

ఒకే దేశమున జరిగిన రెండు వృత్తాంతములను పాఠకుల ముందుంచుచున్నాము. అమెరికాలో ఆరన్ స్వార్ట్జ్ అను యువకుడు 2010, 2011 సంవత్సరములలో నొక విద్యాపీఠపు జాలమునుండి 'జేస్టోర్' అను సంస్థ భద్రపరచిన విద్వద్వ్యాసములను లక్షలకొలది తన యంత్రములోనికి దింపుకొనెను. వానిలో నొక్కదానినైనను అమ్ముకొనలేదు. ఆ సంస్థ యతనితో రాజీపడి, తాను వ్యాజ్యము సాగింపగోరుట లేదని తెలిపెను. అయినను ప్రభుత్వ న్యాయవాదులు విడువలేదు. 2011 జూలైలో నతనిపై నేరములు మోపి, 35 ఏండ్లవరకు కారాగారము పడవచ్చునని లోకమునకు చాటిరి. పిమ్మట నేరముల పట్టిక నింకను పెంచిరి. విచారణ జరుగకమునుపే, 2013 జనవరి 11వ తేదీన, తన 26వ యేట నా యువకుడు ప్రాణము తీసికొనెను.

ఇక రెండవ వృత్తాంతము. కృత్రిమ మేధను నిర్మించు కంపెనీలకు పుస్తకములు కావలసివచ్చినవి. యంత్రమునకు భాష నేర్పవలెనన్న భాష యున్నచోటునకు పోవలెను గదా! కొని తెచ్చుటకు వ్యయము, అనుమతి కోరుటకు జాగు. దొంగగ్రంథాలయములు తలుపులు తెరచుకొని యుండెను. ఆంత్రోపిక్ అను కంపెనీ యట్టి స్థలములనుండి 70 లక్షలకు పైగా ప్రతులను దింపుకొనినదని శాన్‌ఫ్రాన్సిస్కో న్యాయస్థానమున తేలినది. మెటా కంపెనీ యుద్యోగులు నట్లే పుస్తకములను మూటలుగట్టి దింపుకొనిన వైనము ఆ కంపెనీ లోపలి లేఖలవలననే బయల్పడినది. ఒక యువకుడు వ్యాసములకొరకు చేసినది నేరమైనచో, ఈ కంపెనీలు వ్యాపారముకొరకు చేసినది యేమి? ఎవరి చేతికి సంకెల పడినది? ఏ దొర బోనులో నిలిచెను? ఒక్కడును లేడు.

2025 జూనులో నిరువురు న్యాయాధిపతులు తీర్పులు చెప్పిరి. యంత్రమునకు పుస్తకములతో శిక్షణ నిచ్చుట న్యాయసమ్మతమైన వినియోగమేయనియు, దొంగప్రతులను దింపుకొని భండారమున దాచుకొనుట మాత్రమట్లు కాదనియు ఆంత్రోపిక్ వ్యాజ్యమున తేల్చిరి. వాదులు తగిన వాదమును, సాక్ష్యమును చూపలేదను కారణమున మెటా కంపెనీ గట్టెక్కినది. ఆంత్రోపిక్ కంపెనీ 150 కోట్ల డాలర్లకు రాజీ చేసికొనెను. పుస్తకమొక్కింటికి సుమారు 3,000 డాలర్లు! ఇంత పెద్దమొత్తమా యని యాశ్చర్యపడు పాఠకులు లెక్కను కడవరకు చూడవలెను. 70 లక్షల ప్రతులలో పరిహారమునకు నోచుకొన్న గ్రంథములు అయిదులక్షలకు లోపే. ఏలయన, అమెరికా కాపీరైటు కార్యాలయమున సకాలమున నమోదైన గ్రంథములకే యా భాగ్యము పట్టినది.

ఇచ్చట తెలుగు రచయితకు సంబంధించిన మర్మమున్నది. మన చట్టము ప్రకారము రచన పుట్టిననాడే హక్కు పుట్టును. ఏ కార్యాలయమునను నమోదు చేయింప పనిలేదు. తెనాలిలోనో, వరంగల్లులోనో తన ఖర్చుతో నేనూరు ప్రతులు వేసికొన్న కథకుడు వాషింగ్టను నగరపు రిజిస్టరులో తన పేరు వ్రాయించుకొనునా? వాని పుస్తకము దొంగభండారమునకు చేరినను, యంత్రమునకు మేతయైనను, వానికి దమ్మిడీ రాదు. తెల్లదొరల కాలమున మన ప్రత్తి మూటలై లాంకషైరునకు పోయి, బట్టయై తిరిగివచ్చి, మన నేతగాని మగ్గమును మూలబెట్టినది. నేడు మన మాట మూటలై కాలిఫోర్నియాకు పోవుచున్నది. నెలచందా కట్టిన గాని తిరిగి మన యింటికి రాదు. నూలునకు జరిగినది నుడికి జరుగకుండ చూచుకొనవలసిన బాధ్యత మనది.

న్యాయస్థానమునకు పోయిన మాత్రమున దారి సుగమమని తలపరాదు. ఏ.ఎన్.ఐ. వార్తాసంస్థ తన వార్తలను అనుమతి లేక వాడుకొనిరని 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టున ఓపెన్‌ఏఐ కంపెనీపై వ్యాజ్యము వేసెను. ఆ కంపెనీ వాదములలో నొకటి, తన యంత్రములు భారతదేశమున లేవుగనుక భారత న్యాయస్థానమునకు విచారణాధికారమే లేదని! చందాలు వసూలు చేయుటకు భారతదేశము కావలెను. జవాబు చెప్పుటకు మాత్రము వలదు. ఐబొమ్మ నడపినవాడును విదేశమునుండియే నడపెనని పోలీసులు చెప్పిరి. సముద్రములు దాటి యతనిని గుర్తింపగలిగిన మన ప్రభుత్వము, కంపెనీ దొరలయెడ సముద్రమును దాటలేదా?

మన గడ్డమీద విద్యార్థికి జరిగిన మర్యాదయు చూడుడు. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణమున నొక చిన్న జెరాక్సు దుకాణముండెను. అధ్యాపకులు చెప్పిన అధ్యాయములను కుట్టి, విద్యార్థులకు తక్కువ ధరకిచ్చుచుండెను. 2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణకర్తలు మువ్వురు నేకమై యా దుకాణముపై వ్యాజ్యము వేసిరి. బోధనకొరకు అధ్యాపకుడు గాని విద్యార్థి గాని ప్రతి తీసికొనుట నేరము కాదని మన చట్టపు 52వ సెక్షను స్పష్టముగ చెప్పుచున్నది. 2016 సెప్టెంబరు 16వ తేదీన ఢిల్లీ హైకోర్టు ఆ వ్యాజ్యమును కొట్టివేసెను; 2017లో ప్రచురణకర్తలే వెనుకకు తగ్గిరి. అది మన న్యాయస్థానమునకు భూషణము. కాని సై-హబ్ అను వ్యాసభండారమును 2025 ఆగస్టులో ఆ హైకోర్టు ఆజ్ఞవలననే మన దేశమున మూసివేసిరి.

సై-హబ్ మార్గము చట్టబద్ధమని మేము వాదింపము. ఆ మార్గము నెందుకు త్రొక్కవలసివచ్చెనో చెప్పుచున్నాము. శాస్త్రజ్ఞుడు ప్రజల పన్నుతో పరిశోధించి, వ్యాసము వ్రాసి, ప్రచురణకర్తకు ఉచితముగ నిచ్చుచున్నాడు. మరియొక శాస్త్రజ్ఞుడు ఉచితముగనే దానిని పరిశీలించి యోగ్యతను నిర్ణయించుచున్నాడు. ఆ వ్యాసమును చదువుటకు మాత్రము ప్రజలు మరల సొమ్ము చెల్లింపవలెను. 'ఒకే దేశము, ఒకే చందా' యను పథకమునకు 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. 30 ప్రచురణసంస్థల సుమారు 13,000 పత్రికలు దీనివలన ప్రభుత్వ విద్యాసంస్థలకు లభించును. మంచిదే. కాని ప్రభుత్వ కళాశాల గోడ వెలుపలనున్న పరిశోధకుడు, పల్లెటూరి వైద్యుడు, ఉద్యోగము దొరకని పట్టభద్రుడు ఏమి కావలెను? తన వ్యాసమును తానే కొనుక్కొను దేశమునకు దొంగతనమును గూర్చి పాఠములు చెప్పువారిని చూచిన మాకు నవ్వు వచ్చుచున్నది.

కంపెనీల పక్షమువారు రెండు సమాధానములు చెప్పుదురు. మనుష్యుడు చదివి నేర్చుకొనునట్లే యంత్రమును నేర్చుకొనుచున్నదని మొదటిది. కానిండు. మనుష్యుడు పుస్తకమును కొనును, లేదా గ్రంథాలయమున కూర్చుండి చదువును. భండారమునకు కన్నము వేసి చదువడు. చదివినవాడు ఒక్క గురువగును, ఒక్క కవియగును; కోట్లమందికి నేకకాలమున తన చదువును అద్దెకిచ్చు వర్తకుడు కాడు. రెండవ సమాధానము కొంత గట్టిది: మీ భాషలోని పుస్తకములు ఈయనిచో యంత్రములకు మీ భాష రాదు, నష్టము మీదేయని. ఇందు సత్యమున్నదని మేమంగీకరింతుము. రేపటి యంత్రములు తెలుగు తప్పులతడకగ మాటలాడుటకంటె చక్కగ మాటలాడుటయే మాకు వాంఛనీయము. కాని గురువునొద్ద విద్య నేర్చుకొనువాడు గురుదక్షిణ నీయవలదా? మా యింటికి అతిథిగ రండని పిలుచుట వేరు. గోడ దూకి వచ్చినవానికి పీటవేయుట వేరు.

గాంధీమహాత్ముడు తన 'హింద్ స్వరాజ్' ఆంగ్లప్రతిని 1910లో ప్రకటించుచు, హక్కులేవియు ప్రత్యేకింపబడలేదని దానిపై ముద్రింపించెను. ఎవరైనను అచ్చువేసికొనవచ్చును, ఎవరైనను పంచవచ్చును. ఆ మహాత్ముడే తరువాతి కాలమున తన రచనల హక్కును నవజీవన్ సంస్థకు వ్రాసియిచ్చెను. ఇందు వైరుధ్యము లేదు. ఇచ్చుటకును, నిలుపుకొనుటకును రచయితయే కర్తయను ధర్మము రెంటను నొక్కటియే. తాను స్వేచ్ఛగ నిచ్చినది దానము. తన్నడుగక తీసికొనినది దోపిడి.

ఈ ధర్మమునకే యిప్పుడు పరీక్ష వచ్చినది. 2025 డిసెంబరులో కేంద్రప్రభుత్వపు పరిశ్రమల, అంతర్గత వాణిజ్యాభివృద్ధి శాఖ యొక చర్చాపత్రమును వెలువరించినది. న్యాయముగ లభించిన రచనలన్నిటిని కృత్రిమ మేధ కంపెనీలు అనుమతి కోరకయే వాడుకొనవచ్చుననియు, బదులుగ తమ రాబడిలో భాగమొక కేంద్రసంస్థకు చెల్లింపవలెననియు, అది రచయితల సంఘములద్వారా పంపిణీ కావలెననియు అందలి సూచన. సొమ్ము చెల్లింపవలెననుట మంచిమాట. దానిని మేము స్వాగతించుచున్నాము. కాని 'ఇవ్వను' అను మాటను రచయిత నోటినుండి తొలగించుటను మేమంగీకరింపజాలము. తెలుగు రచయితలలో నెందరట్టి సంఘములలో చేరియున్నారు? పంపిణీ పెట్టె తెరచునాడు హిందీవారికి, ఆంగ్లమువారికి పంచిన పిమ్మట మనకు మిగులునది అడుగంటిన గిన్నెయేనా?

కావున ప్రభుత్వమును మేము కోరునది యిది. విద్యార్థికిని, గ్రంథాలయమునకును 52వ సెక్షను ఇచ్చిన యభయమును వెంట్రుకవాసియైనను తగ్గింపరాదు. యంత్రమునకు మేత వేయు ప్రతి కంపెనీయు నే పుస్తకములను వాడినదో బహిరంగముగ ప్రకటింపవలెను. వలదను రచయిత మాట చెల్లవలెను. ఇచ్చిన రచయితకు, సంఘమున చేరినను చేరకున్నను, నమోదు చేయించినను చేయింపకున్నను, ఆతని భాషకు తగిన పాలు అందవలెను. ప్రజాధనముతో పుట్టిన పరిశోధన ప్రజలందరికి తెరచియుండవలెను. దొంగప్రతులతో వ్యాపారము చేసినవాడు జూదపు ప్రకటనకాడైనను, మహాకంపెనీ యధిపతియైనను, 63వ సెక్షను ఇరువురకును నొక్కటిగ వర్తింపవలెను.

రచయితలకు నొక మాట. సంఘములుగ నేర్పడుడు; మీ హక్కుపత్రములను చదివి సంతకము చేయుడు. పాఠకులకు నొక మాట. తెలుగు పుస్తకమును కొని చదువుడు. కొనలేనిచో గ్రంథాలయమునకు పొండు. గ్రంథాలయము లేనిచో కావలెనని యడుగుడు. కాలువలపై పడవలలో సయితము గ్రంథాలయములను నడపిన జాతి మనది. చదువరికి ద్వారము తెరచుటయు, దోపిడికానికి మూయుటయు నాడు మన పెద్దలకు తెలిసియుండెను. నేడు మన చట్టము చదువరికి తలుపు మూసి, దోపిడికానికి తెరచుచున్నది. పెద్దచేప చిన్నచేపను మ్రింగు మత్స్యన్యాయము రాజ్యము లేనిచోట చెల్లును. రాజ్యమున్నదని మన ప్రభుత్వము నిరూపించుకొనుగాక.